‘ఇంత జబ్బులో ఇది మామూలే కదా’: పాలియేటివ్ కేర్‌లో ఉన్నవారి మనసు గురించి పాఠకుల ప్రశ్నలు

ముదిరిన క్యాన్సర్‌తోనో, మూత్రపిండాలు, గుండె, ఊపిరితిత్తులు దెబ్బతినో ఇంట్లో మంచం పట్టినవారి నొప్పి గురించి ఈ శీర్షికలో ఇంతకుముందు రాశాను. అప్పటినుంచి నొప్పి కంటే మనసు గురించే ఎక్కువ ఉత్తరాలు వస్తున్నాయి. నేను హైదరాబాద్‌లో ఒక పాలియేటివ్ కేర్ (ముదిరిన జబ్బుల్లో బాధను తగ్గించే వైద్యం) బృందంతో కలిసి పనిచేసే సైకియాట్రిస్టును. ఒకే తీరు ప్రశ్నలను కలిపి, రాసినవారి ఆనవాళ్లు తీసేసి ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాను. దాదాపు ప్రతి ఉత్తరంలోనూ ఒక మాట కనిపించింది: ‘ఇంత జబ్బులో ఇది మామూలే కదా అంటున్నారు.’ ఆ మాట నిజమో కాదో తేల్చడానికి నేను మొదట అడిగే ప్రశ్న ‘ఎప్పటినుంచి ఇలా ఉన్నారు?’ అన్నదే. దానికి సరైన జవాబు ఆసుపత్రి ఫైలులో ఉండదు, మంచం పక్కన కూర్చునేవారి దగ్గరే ఉంటుంది.

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు. రొమ్ము క్యాన్సర్ ఎముకలకు పాకింది. కీమో ఆపేసి టామాక్సిఫెన్, నొప్పికి ట్రమడాల్ ఇస్తున్నారు. నెల రోజులుగా సరిగా తినడం లేదు. తెల్లవారుజామున మూడింటికే మేలుకుని గోడవైపు తిరిగి పడుకుంటోంది. పిలిస్తే ఊఁ అంటుంది, అంతే. ఇది డిప్రెషనా, జబ్బు వల్ల వచ్చిన నీరసమా? మా డాక్టరుగారు ఈ స్థితిలో ఎవరైనా ఇలాగే ఉంటారన్నారు. (దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒక పాఠకురాలు)

సమాధానం: మీ అమ్మగారి విషయంలో తిండి, నిద్ర, నీరసం అనే మూడింటినీ కాసేపు పక్కన పెట్టి ఆలోచిద్దాం. మామూలు మనిషిలో కుంగుబాటును, అంటే డిప్రెషన్‌ను, పట్టిచ్చే గుర్తులు ఇవే అయినా, ముదిరిన క్యాన్సర్ కూడా ఈ మూడింటినీ తెచ్చిపెడుతుంది కాబట్టి వీటి ఆధారంగా ఎటూ తేల్చలేము. ఆసుపత్రుల్లో వాడే పిహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళినే తీసుకోండి. అందులోని తొమ్మిది ప్రశ్నల్లో ఐదు నిద్ర, ఆకలి, నీరసం, ఏకాగ్రత, కదలికల మందగింపు గురించినవే. మొత్తం 27 మార్కుల్లో 10 వస్తే కుంగుబాటు ఉందేమో చూడాలంటారు కాని, ఆ ఐదింటికే 15 దాకా వచ్చే వీలుంది. అంటే మనసు నిబ్బరంగా ఉన్న క్యాన్సర్ రోగి కూడా ఈ పరీక్షలో కుంగుబాటు ఉన్నట్టు తేలవచ్చు.

ఈ చిక్కు గమనించిన అమెరికన్ పరిశోధకురాలు జీన్ ఎండికాట్ 1984లో ఒక మార్గం చూపారు. శరీరానికి సంబంధించిన గుర్తుల స్థానంలో వేరే నాలుగింటిని చూడమన్నారు. ముఖంలో దిగులు, కన్నీరు కనిపిస్తున్నాయా? మనుషులకు దూరంగా జరుగుతున్నారా, మాట తగ్గిందా? తన మీద తనే జాలిపడుతూ, అన్నిటిలో చెడునే చూస్తున్నారా? మంచి కబురు విన్నా, ఇష్టమైనవారు వచ్చినా మనసు కదలడం లేదా? నా అనుభవంలో మన ఇళ్లలో అన్నిటికంటే పనికొచ్చేది ఈ చివరిదే. దుఃఖంలో ఉన్న తల్లి ఏడుస్తూనే మనవడి ముద్దుమాటకు నవ్వుతుంది, చుట్టం వస్తే కాఫీ ఇచ్చారా అని అడుగుతుంది, మర్నాడు మళ్లీ ఏడుస్తుంది. కుంగుబాటులో ఉన్న తల్లికి మనవడు వచ్చి ఒళ్లో కూర్చున్నా ముఖంలో మార్పు ఉండదు. మీ అమ్మగారు ఇదివరకు దేనికి నవ్వేవారో, దేనికి చిరాకు పడేవారో నాకు తెలియదు, మీకు తెలుసు. ఆ రెండూ ఇప్పుడు ఉన్నాయో పోయాయో నాలుగు రోజులు గమనించండి.

ఇంకొక మాట గురించి జాగ్రత్తగా ఉండాలి. ‘ఏ జన్మలో ఏ పాపం చేశానో’ అని మన పెద్దవాళ్లు చిన్న కష్టానికి కూడా అంటారు, దాన్ని పట్టుకుని అపరాధభావం అని రాసేస్తే పొరపాటు. అయితే అదే మాట రోజుకు పదిసార్లు అంటూ, ఈ నొప్పి తనకు పడవలసిన శిక్షేనని నమ్మి మందు వద్దంటున్నా, తన వల్లే ఇల్లు గుల్లయిందని ఎవరు ఎంత చెప్పినా వినకపోయినా అది సామెత స్థాయి దాటిపోయిందని అర్థం.

తర్వాత నేరుగా అడగండి. ‘మీకు కుంగుబాటుగా ఉందా?’ అనే ఒక్క ప్రశ్నే మరణానికి దగ్గరలో ఉన్న రోగుల్లో కుంగుబాటును బాగా పట్టిస్తుందని కెనడాకు చెందిన హార్వే చోచినోవ్ బృందం 1997లో చూపింది. ఆ ప్రశ్నను ఉన్నదున్నట్టు మన ఇళ్లలో వేస్తే ఫలితం ఉండదు. డిప్రెషన్ అనే మాట వినగానే ‘నాకు పిచ్చి లేదు’ అంటారు. మన ఊళ్లో మనుషులు ‘ఏం తోచడం లేదు’, ‘పానం మంచిగ లేదు’, ‘బేజారుగా ఉంది’ అంటారు. కాబట్టి మీ ఇంటి మాటల్లోనే రెండు ప్రశ్నలు అడగండి: ఈ రెండు వారాల్లో ఎక్కువ రోజులు మనసుకు దిగులుగా ఉంటోందా? ఇదివరకు ఇష్టపడిన పని గాని, మాట గాని, మనిషి గాని ఇప్పుడు రుచించడం లేదా? ఏ ఒక్కదానికి అవునన్నా డాక్టరుకు చెప్పవలసిందే.

కుంగుబాటు అని తేల్చేముందు కాల్షియం పరీక్ష చేయించమనండి. ఎముకలకు పాకిన క్యాన్సర్‌లో రక్తంలో కాల్షియం పెరిగితే మనిషి ఇలాగే మందకొడిగా, మాటాపలుకూ లేకుండా అయిపోవచ్చు. దాహం, మలబద్ధకం, వాంతులు తోడైతే అనుమానం మరింత బలపడుతుంది. నొప్పి సరిగా తగ్గకపోయినా మనిషి గోడవైపే తిరుగుతుంది. కుంగుబాటే అయితే మందులు పనిచేస్తాయి, కాని చాలా మందులకు రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది కాబట్టి ఆలస్యం పనికిరాదు. నిద్ర, ఆకలి రెండూ దెబ్బతిన్నప్పుడు రాత్రిపూట మిర్టాజపిన్ అనే కుంగుబాటు మందు ఇవ్వడం మాకు అలవాటు. మీ అమ్మగారు వాడే మందుల దృష్ట్యా రెండు జాగ్రత్తలు అవసరం. పారాక్సెటిన్, ఫ్లూఆక్సెటిన్ అనే కుంగుబాటు మందులు టామాక్సిఫెన్ పనిని తగ్గిస్తాయి. ట్రమడాల్‌కు కొన్ని రకాల కుంగుబాటు మందులు తోడైతే చెమటలు, వణుకు, కంగారు, జ్వరం రావచ్చు. అందుచేత పాత చీటీలన్నీ తీసుకుని ఒకే డాక్టరు ముందు పెట్టండి. ఇక ‘ఎవరైనా ఇలాగే ఉంటారు’ అన్నదానికి నా జవాబు: క్యాన్సర్‌లో నొప్పి కూడా సహజమే, అయినా దానికి మందు ఇస్తున్నాం.

ప్రశ్న: నాన్నగారికి 71 ఏళ్లు, ఊపిరితిత్తుల క్యాన్సర్. ఇంట్లో మార్ఫిన్ మాత్రలతో నిమ్మళంగానే ఉండేవారు. నాలుగు రోజులుగా పొద్దుగూకేసరికి మారిపోతున్నారు. గోడ మీద చీమలు పాకుతున్నాయంటారు, దుప్పటి పీకుతారు, నన్ను గుర్తుపట్టరు. తెల్లారేసరికి కాఫీ అడిగి పేపరు తిరగేస్తారు. మా మేనత్త గాలి సోకిందని తాయెత్తు కట్టించింది. మా బావ మార్ఫినే కారణమని నిన్నటినుంచి ఆపించాడు. నాన్నగారికి మతి చెడిందా? (ఉప్పల్ నుంచి ఒక పాఠకుడు)

సమాధానం: ముందుగా మార్ఫిన్ సంగతి. ఈ ఉత్తరం ఇక్కడ అచ్చయ్యేలోపే ఫోనులో చెప్పాను, మిగతా పాఠకుల కోసం మళ్లీ చెబుతున్నాను: రోజూ వాడుతున్న మార్ఫిన్‌ను ఉన్నట్టుండి ఆపకూడదు. ఆపితే నొప్పి తిరగబెడుతుంది, శరీరం అలవాటుపడిన మందు అందక వణుకు, చెమటలు, విరేచనాలు, కంగారు వస్తాయి, అవన్నీ కలిసి ఉన్న గందరగోళాన్ని రెట్టింపు చేస్తాయి.

మీరు వర్ణించినదానికి మన పెద్దవాళ్లు పెట్టిన పేరు సంధి. ‘సంధి పుట్టింది’, ‘సంధి మాటలు’ అంటాం కదా, అదే. వైద్యంలో దీన్ని డెలీరియం అంటారు. ఇది మతి చెడడం కాదు, శరీరంలో ఎక్కడో వచ్చిన చిక్కు మెదడును తాత్కాలికంగా తికమక పెట్టడం. గుర్తుపట్టడానికి నాలుగు విషయాలు చూస్తాం. మొదటిది, గంటల్లో గాని రోజుల్లో గాని వచ్చిన మార్పు, అదీ ఒకే రోజులో ఎక్కువ తక్కువలవుతూ ఉండడం. రెండోది, ధ్యాస నిలవకపోవడం. ఈ రెండూ ఉండి, వాటికి పొంతన లేని మాటలో, మగత లేదా అతి ఉద్రేకమో తోడైతే అది సంధే. మతిమరుపు జబ్బు నెలల మీద, ఏళ్ల మీద వస్తుంది గాని నాలుగు రోజుల్లో రాదు. మీ ఉత్తరంలో ‘నాలుగు రోజులుగా’, ‘పొద్దుగూకేసరికి’, ‘తెల్లారేసరికి’ అన్న మూడు మాటలతోనే సగం నిర్ణయమైపోయింది.

ధ్యాసను ఇంట్లోనే పరీక్షించవచ్చు. నెలల పేర్లు వెనక్కి చెప్పమనడం పుస్తకాల్లో ఉన్న పద్ధతి, కాని మా దగ్గరికి వచ్చే చాలామంది పెద్దలకు చైత్రం, వైశాఖం వచ్చినంత బాగా జనవరి, ఫిబ్రవరి రావు. అందుకే నేను వారాల పేర్లు అడుగుతాను. శనివారం నుంచి ఆదివారం దాకా వెనక్కి రమ్మంటే, చదువు రాని మనిషి కూడా కాస్త తడుముకుంటూ వచ్చేస్తారు. సంధిలో ఉన్నవారు శుక్రవారం దగ్గర ఆగిపోతారు, లేదా దారి తప్పి మళ్లీ ముందుకు నడుస్తారు, లేదా ఏమడిగారో మరిచిపోతారు. ఈ పరీక్ష సాయంత్రం కూడా చేయాలి. పొద్దున రౌండ్స్‌లో చక్కగా మాట్లాడిన మనిషిని చూసి మీ కంగారును డాక్టరు కొట్టిపారేయకుండా, రాత్రి జరిగింది ఫోనులో వీడియో తీసి చూపించండి.

ఇక కారణం వెతకాలి. మూడు రోజులుగా మలవిసర్జన కాకపోవడం, మూత్రం బిగుసుకుపోవడం అనే రెండు చిన్న విషయాలు ఎన్నిసార్లు ఇంత పెద్ద గొడవ చేశాయో నేను లెక్కపెట్టడం మానేశాను. పొత్తికడుపు మీద చేయి వేసి చూస్తే ఉబ్బు తెలుస్తుంది. ఛాతీలోనో మూత్రంలోనో ఇన్ఫెక్షన్, సోడియం తగ్గడం, కాల్షియం పెరగడం, ఆక్సిజన్ చాలకపోవడం, క్యాన్సర్ మెదడుకు పాకడం వంటివి తర్వాత చూడాలి. డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ మాత్రను రాత్రి వేస్తున్నారేమో చూడండి. అది నిద్ర చెడగొట్టడమే కాక కొందరిలో ఉద్రేకం, భ్రమలు కూడా తెస్తుంది, అందుకే పొద్దునే వేయాలి. మార్ఫిన్ మీద మీ బావగారి అనుమానం పూర్తిగా తప్పు కాదు. మన ఏప్రిల్, మే ఎండల్లో నీళ్లు చాలక మూత్రపిండాలు మందగిస్తే, మార్ఫిన్ నుంచి పుట్టే పదార్థాలు ఒంట్లో పేరుకుపోతాయి. అప్పుడు మగత, కండరాలు ఉన్నట్టుండి అదిరిపడడం, కంటిపాపలు గుండుసూది మొనంతగా ముడుచుకోవడం, భ్రమలు కనిపిస్తాయి. దానికి చేయవలసింది మందు రాసిన బృందానికి ఫోను చేయడం. వాళ్లు మోతాదు తగ్గిస్తారు, లేదా మందు మారుస్తారు, ద్రవాలు ఇస్తారు. తాయెత్తుతో నాకు పేచీ లేదు. అది కట్టిన చేత్తోనే ఆ రోజు మూత్రం ఎంత వచ్చిందో కూడా రాసి ఉంటే బాగుండేది.

ఇలా గోల చేసే సంధిని ఇంటిల్లిపాదీ గమనిస్తారు. నాకు ఎక్కువ భయం వేసేది నిశ్శబ్దంగా వచ్చేదాన్ని చూసి. మనిషి మగతగా, కళ్లు సగం మూసుకుని, అడిగినదానికి ఆలస్యంగా జవాబిస్తూ పడి ఉంటారు. ‘పోనీలే, విశ్రాంతి తీసుకుంటున్నారు’ అని ఇంట్లోవాళ్లు, ‘డిప్రెషన్’ అని డాక్టర్లు అనుకుంటారు. కుంగుబాటని రాసి మా దగ్గరికి పంపినవారిలో వారాలు వెనక్కి చెప్పించగానే సంధి అని తేలినవారు తక్కువేమీ కాదు. కుంగుబాటులో ఉన్న మనిషి ‘తెలియదు, వదిలేయండి’ అంటారు గాని, పట్టుబట్టి అడిగితే చెప్పగలుగుతారు.

మందుల విషయంలో మా ఆలోచన కూడా మారింది. ఆస్ట్రేలియాలోని పాలియేటివ్ వార్డుల్లో 247 మంది మీద జరిగిన ఒక పరిశోధన 2017లో వెలువడింది. తీవ్రత తక్కువగా ఉన్న సంధిలో హాలోపెరిడాల్, రిస్పెరిడోన్ అనే ఉద్రేకం తగ్గించే మందులు తీసుకున్నవారి కంటే ఉత్తుత్తి మందు తీసుకున్నవారి పరిస్థితే మెరుగ్గా ఉన్నట్టు అందులో తేలింది. కాబట్టి తనకు గాని ఇతరులకు గాని ప్రమాదం ఉన్నప్పుడు, భరించలేని భయం ఉన్నప్పుడు తప్ప వెంటనే మందుకు పోము. అల్ప్రాజోలం, లోరాజెపామ్ వంటి నిద్రమాత్రలు మీ అంతట మీరు వేయవద్దు. అవి తికమకను పెంచుతాయి. కళ్లజోడు పెట్టండి, వినికిడి యంత్రం ఉంటే తగిలించండి, రాత్రి చిన్న దీపం ఉంచండి, పగలు కిటికీ తెరవండి, రోజుకొక మనిషి కాకుండా తెలిసిన ఒక్కరే దగ్గర కూర్చోండి. చీమలు లేవని వాదించవద్దు, ఉన్నాయని ఒప్పుకోనూ వద్దు. ‘నాకు కనబడటం లేదు నాన్నా, మీకు భయంగా ఉంటే నేను ఇక్కడే ఉంటాను’ అంటే చాలు. చేతులు మంచానికి కట్టవద్దు. ముదిరిన క్యాన్సర్ రోగుల్లో వచ్చే సంధిలో దాదాపు సగం కారణం సరిచేస్తే తగ్గుతుంది. చివరి రోజుల్లో వచ్చేది చాలావరకు తగ్గదు, అప్పుడు మా పని ఆయనకు భయం, నొప్పి లేకుండా చూడడం.

ప్రశ్న: మా ఆయనకు 49 ఏళ్లు, కాలేయ క్యాన్సర్. పోయిన నెల కామెర్లతో ఆసుపత్రిలో చేర్చాం. మూడో రాత్రి ఒళ్లంతా వణుకు, చెమటలు, పురుగులు పాకుతున్నాయని కేకలు, సెలైన్ పీకేశాడు. క్యాన్సర్ మెదడుకు ఎక్కిందేమో అన్నారు, స్కాన్‌లో ఏమీ లేదు. ఇరవై ఏళ్లుగా రోజూ సాయంత్రం కల్లు తాగేవాడు, ఆ సంగతి చెప్పడానికి సిగ్గేసింది. వచ్చే వారం మళ్లీ చేర్చాలి. (మేడ్చల్ నుంచి ఒక పాఠకురాలు)

సమాధానం: ఈసారి చేర్చేటప్పుడు మొదటి మాటగా అదే చెప్పండమ్మా. రోజూ తాగే మనిషికి ఉన్నట్టుండి సారా గాని, కల్లు గాని ఆగిపోతే తొలి రోజే వణుకు, చెమటలు మొదలై, రెండు మూడు రోజులకు ఇలాంటి సంధి రావచ్చు. సరిగ్గా మూడో రాత్రి అని మీరు రాశారు చూడండి. దానికి తోడు మన తెలంగాణలో కల్లు అంటే చెట్టు నుంచి దించిందే కాకపోవచ్చు. అల్ప్రాజోలం, డయాజెపామ్, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్తీ కల్లు పట్టుబడిన సంగతులు పేపర్లలో చదువుతూనే ఉన్నాం. అంటే తాగినవారికి తెలియకుండానే ఏళ్ల తరబడి నిద్రమాత్రలు అలవాటై ఉంటాయి. ఆగితే మతి తప్పడమే కాదు, ఫిట్స్ కూడా వస్తాయి.

పైన ఉప్పల్ పాఠకునికి వద్దన్న లోరాజెపామే మీ ఆయనకు ప్రాణం నిలిపే మందు కావచ్చు. కాలేయం దెబ్బతిన్నవారికి ఆ జాతి మందుల్లో అదే కొంత నయం. గ్లూకోజు ఎక్కించే ముందు థయమిన్ (విటమిన్ బి1) ఇంజెక్షన్ కూడా ఇస్తారు. కాలేయ జబ్బు దానంతటదే మతి తప్పించగలదు కాబట్టి రెండూ కలిసి ఉండే అవకాశాన్ని డాక్టర్లు చూసుకుంటారు, కాని కల్లు సంగతి తెలియకపోతే ఆ దారినే పోరు. రోజుకు ఎన్ని సీసాలు, చివరిసారి ఎప్పుడు అన్నవి రెండే చాలు. ఇంకేమీ సంజాయిషీ చెప్పుకోవలసిన పని లేదు.

ప్రశ్న: మా అత్తగారికి 66 ఏళ్లు, కడుపు క్యాన్సర్. వాంతులకు పది రోజులుగా మెటోక్లోప్రమైడ్ ఇస్తున్నారు. వారం నుంచి కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతున్నారు. కూర్చోలేరు, పడుకోలేరు. చావు భయమని అందరూ ధైర్యం చెబుతున్నాం. అల్ప్రాజోలం రాశారు, పెద్దగా తేడా లేదు. (కూకట్‌పల్లి నుంచి ఒక పాఠకురాలు)

సమాధానం: మీరు వాడిన ఉపమానం కంటే మంచి రోగనిర్ణయం నేను రాయలేను. ఇది చావు భయం కాకపోవచ్చు, అకథీసియా అయి ఉండవచ్చు. మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజిన్, హాలోపెరిడాల్ వంటి మందులు మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని అడ్డుకుంటాయి. వాంతులు తగ్గించేది ఆ గుణమే, కొందరిలో ఒక్కచోట నిలవనివ్వని ఈ తపన పుట్టించేదీ అదే. ఆమెను ఒక్క ప్రశ్న అడగండి: ‘గాబరా మనసులో ఉందా, కాళ్లలో ఉందా?’ కాళ్లలో అంటే, నడుస్తుంటే కాస్త నయంగా ఉందంటే, నిలబెట్టినప్పుడు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకు బరువు మారుస్తూ ఉంటే, మందు మొదలైన తేదీ, తిరుగుడు మొదలైన తేదీ పక్కపక్కన రాసి డాక్టరుకు చూపండి.

ఈ పని నేను ఒకసారి చేయలేదు. చాలా ఏళ్ల కిందట ఒక పెద్దమనిషి ఇలాగే తిరుగుతుంటే ఆందోళన అనుకుని హాలోపెరిడాల్ మోతాదు పెంచాను. ఆయన మరింత తిరిగారు. మందుల చీటీని పైనుంచి చదివిన సిస్టర్ ‘సార్, ఇది వేసినప్పటినుంచే కదా’ అనేదాకా నాకు తట్టలేదు. మందు ఆపి, ఉబ్బసం లేదని చూసుకుని ప్రొప్రనలాల్ ఇచ్చాక నిమ్మళించారు.

నిజమైన ఆందోళన కూడా ఈ రోగుల్లో ఉంటుంది. ఆయాసంతో ముడిపడినది మరీ ఎక్కువ. ఊపిరి అందక భయం, భయంతో ఊపిరి మరింత అందకపోవడం. ముఖానికి చిన్న ఫ్యాను గాలి తగిలేలా పెట్టడం, ముందుకు వంగి కూర్చోబెట్టడం, తక్కువ మోతాదు మార్ఫిన్ అక్కడ పనిచేస్తాయి. దాని లక్షణం వేరు: ఆయాసపడే మనిషి కదలకుండా కూర్చుంటారు, మీ అత్తగారిలా తిరగరు.

ప్రశ్న: మా నాన్నకు 68 ఏళ్లు, రైల్వేలో రిటైరయ్యారు. గొంతు క్యాన్సర్. జబ్బు పేరు ఆయనకు చెప్పలేదు. ‘దేవుడు తొందరగా తీసుకుపోతే బాగుండు’ అని రోజూ అంటారు. మొన్న మా అబ్బాయిని, నిద్రమాత్రలు ఎన్ని వేసుకుంటే లేవరు అని అడిగారట. దీని గురించి ఆయనతో మాట్లాడితే లేని ఆలోచన పుట్టించినవాళ్లమవుతామా? (సికింద్రాబాద్ నుంచి ఒక పాఠకుడు)

సమాధానం: అవరు. అడగడం వల్ల ఆత్మహత్య ఆలోచన పుట్టదు. ఉన్న ఆలోచనను పంచుకోవడానికి మనిషి దొరుకుతాడు. మీరు రాసిన రెండు మాటలకు మధ్య దూరం చాలా ఉంది. దేవుడు తీసుకుపోవాలనడం మన పెద్దల నోట మామూలుగా వచ్చేదే. అందులో అలసట ఉంటుంది, కొన్నిసార్లు సిద్ధపడడం కూడా ఉంటుంది. మాత్రల లెక్క అడగడం అలాంటిది కాదు, అందులో ఉపాయం ఉంది. ఈ రోజే ఇంట్లోని మందులన్నీ తాళంలో పెట్టి, పూటకు కావలసినవే ఇవ్వండి. మార్ఫిన్, నిద్రమాత్రలు లెక్కపెట్టి రాయండి. తర్వాత ఒంటరిగా కూర్చుని, ‘చనిపోవాలనిపిస్తోందా నాన్నా? ఎలా అని కూడా ఆలోచించారా?’ అని సూటిగా అడగండి. అవునంటే ఒంటరిగా వదలకుండా అదే రోజు సైకియాట్రిస్టుకు చూపించాలి. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలి-మానస్‌కు 14416 నంబరు మీద ఏ వేళనైనా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి పేరు చెప్పగానే మనవాళ్లు వెనక్కి తగ్గుతారు గాని, అక్కడ ఓపీలో చూపించుకున్నంత మాత్రాన ఎవరి మీదా ముద్ర పడదు. కేసు అవుతుందని కూడా భయపడవద్దు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షన్, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించకూడదని చెబుతోంది.

చావాలన్న కోరిక వెనుక ఏముందో వెతికితే చాలాసార్లు మార్చగలిగినదే దొరుకుతుంది: తగ్గని నొప్పి, గుర్తించని కుంగుబాటు, అందరికీ భారమయ్యానన్న బాధ, రేపేమవుతుందో ఎవరూ చెప్పకపోవడం. ఈ చివరిదాని గురించి మీ ఇంట్లోవాళ్లకు కోపం వచ్చినా ఒక మాట అంటాను. రేడియేషన్‌కు వెళ్లివచ్చిన రిటైర్డ్ ఉద్యోగికి ఆసుపత్రి బోర్డు మీద ఏం రాసి ఉందో చదవడం వచ్చు. ఆయనకు తెలుసన్న సంగతి మీకు తెలియదు, అంతే. మీరు బాధపడతారని ఆయన, ఆయన బాధపడతారని మీరు దాచుకుంటే ఆయన మనవడిని అడగవలసి వచ్చింది. ‘జబ్బు గురించి మీరేమనుకుంటున్నారు నాన్నా?’ అని అడిగి, ఎంత తెలుసుకోవాలనుకుంటే అంతే చెప్పమని మీ డాక్టరును కోరండి. రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ కేర్ విభాగం ఉంది. చివరి దశ రోగులను చూసుకునే స్పర్శ్ హాస్పిస్ వంటి చోట్ల, జిల్లాల్లో ‘ఆలన’ పేరుతో ఇళ్లకు వచ్చే ప్రభుత్వ బృందాల్లో ఈ సంభాషణ చేయడం తెలిసినవారు ఉంటారు.

ప్రశ్న: మా తమ్ముడికి ఇరవై ఏళ్లుగా స్కిజోఫ్రీనియా. క్లోజపిన్ మీద బాగున్నాడు. ఇప్పుడు నోటి క్యాన్సర్, మింగలేకపోతున్నాడు. ఇంత పెద్ద జబ్బు వచ్చాక మనసు మందులు అవసరమా? (మల్కాజ్‌గిరి నుంచి ఒక పాఠకురాలు)

సమాధానం: అవసరమే. వాటి వల్లే ఆయన క్యాన్సర్ వైద్యానికి సహకరించగలుగుతున్నారు. మింగలేకపోతే గొట్టం ద్వారా ఇవ్వడమో, వేరే మందుకు మార్చడమో ఆయన సైకియాట్రిస్టు నిర్ణయించాలి. రెండు రోజులకు మించి క్లోజపిన్ ఆగితే పాత మోతాదుతో మళ్లీ మొదలుపెట్టకూడదు, తక్కువ నుంచి పెంచాలి. నోటి జబ్బు వల్ల సిగరెట్లు ఒక్కసారిగా మానేసి ఉంటే ఆ సంగతి కూడా చెప్పండి. పొగ ఆగితే రక్తంలో క్లోజపిన్ పెరిగి మగత, ఫిట్స్ రావచ్చు. క్లోజపిన్ తెల్ల రక్తకణాలను తగ్గించగలదు, కీమో కూడా తగ్గిస్తుంది కాబట్టి రక్తపరీక్ష ఫలితాలు ఇద్దరు డాక్టర్లకూ వెళ్లాలి. ఇంకొక సంగతి, ఇలాంటివారు చాలాసార్లు నొప్పి ఉన్నా ఫిర్యాదు చేయరు. ‘ఏం లేదు’ అన్నా ముఖం, నిద్ర, అన్నం కంచం చూడండి.

ప్రశ్న: మా నాయనమ్మకు 84 ఏళ్లు, గుండె బలహీనపడి చివరి దశలో ఉంది. చనిపోయిన తాతయ్య గుమ్మం దగ్గర నిలబడ్డాడని రెండు రోజులుగా చెబుతోంది. మిగతా అన్నీ సరిగానే మాట్లాడుతోంది. మందు వేయించాలా? (మెహదీపట్నం నుంచి ఒక పాఠకుడు)

సమాధానం: మందులన్నీ ఒకసారి డాక్టరుకు చూపించండి, వారాలు వెనక్కి చెప్పించి చూడండి. తప్పు లేకుండా చెప్పి, మిమ్మల్ని పేరు పెట్టి పిలుస్తూ, తాతయ్యను చూసి భయపడకుండా ఉంటే అది సంధి కాదు. చివరి రోజుల్లో ఇలా పోయినవారు కనిపించడం మామూలే, దీనికి మందు అక్కరలేదు. ఈ ఉత్తరాలన్నిటిలో ‘మామూలే’ అని నేను ఒప్పుకునేది ఇదొక్కటే. ఆయన ఏమంటున్నాడో అడగండి, చెబితే వినండి. భయపడడం మొదలుపెట్టినా, రాత్రి దుప్పటి పీకడం మొదలుపెట్టినా నాకు మళ్లీ రాయకుండా నేరుగా ఆమెను చూస్తున్న బృందానికి ఫోను చేయండి.